తనిఖీ రిపోర్టు ప్రకారం పంది మాంసం వేపుడు

ఆ భవనంలో అందరూ ఆయన్ని పొగాయన అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అయితే ఇన్‌స్పెక్టరు గారే. అగ్నిమాపక శాఖలో హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసే ఉద్యోగం. తాముండే నాలుగంతస్తుల భవనంలో ఇంటింటికీ పొగ గంట పెట్టించింది కూడా ఆయనే. ఒక వంటగదిలో మోగిందంటే అన్నిట్లోనూ మోగుతుంది. మోగిన మరుక్షణం అందరూ మెట్లు దిగి సైకిళ్ళ షెడ్డు ముందు వరసగా నిలబడాలి. ఆయన స్వయంగా "ఇక పైకి వెళ్ళండి" అనేదాకా ఒక్కరు కదలడానికి వీల్లేదు. ఒకసారి పై అంతస్తు లాయరు సగం గీసిన గడ్డంతో దిగొచ్చి నురగతోనే నిలబడ్డాడు. నిలబడక ఏం చేస్తాడు, పాపం!

ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే ఆ మనిషికి ఇప్పుడు ఇంట్లోనే దిక్కు తోచడం లేదు. ఆయన భార్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. మూడు వారాలు జ్వరంతో మంచం పట్టింది. జ్వరమైతే పోయింది గానీ పోతూ పోతూ ఆవిడ నోటి రుచిని వెంట పట్టుకుపోయింది. గంజి పోస్తే రెండు గుక్కలు, రొట్టె ఇస్తే ఒక కొరుకు, ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకోవడం. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టరు చూసి, "మందుల వల్ల అయ్యేది అయిపోయింది. ఇక తిండి. ఏది అడిగితే అది పెట్టండి, ఎలాగోలా నాలుగు ముద్దలు లోపలికి పోవాలి" అన్నాడు.

"ఏం తినాలనుంది, చెప్పు" అని అడిగాడు పొగాయన, మంచం అంచున కూర్చుని.

ఆవిడ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "మన వీధి చివర చైనా హోటల్లో పంది మాంసం వేపుడు" అంది.

ఆయన ఇరుకున పడ్డాడు. ఎందుకంటే ఆ హోటలుకి తాళం పడి తొమ్మిది వారాలైంది. తాళం వేయించింది ఎవరనుకున్నారు? ఈ మహానుభావుడే. ఆరు తప్పులు ఎత్తి చూపుతూ రిపోర్టు రాసి, కాపీ ఇంటికి తెచ్చి, ఆవిడకి చదివి వినిపించి మరీ మురిసిపోయాడు.

"నేనే చేసిపెడతాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు.

గురువారం సాయంత్రం మొదలుపెట్టాడు. ఒక పక్కన ఇసుక బకెట్టు, ఇంకో పక్కన మంటలార్పే దుప్పటి, చేతిలో మూత. ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి మంట బాగా తగ్గించాడు. నూనె కాస్త వెచ్చబడగానే, పొగ రాకముందే, మాంసం మొత్తం ఒక్కసారి కుమ్మరించి మూత పెట్టేశాడు. క్షేమంగా ఉంది అనుకున్నాడు. క్షేమంగానే ఉంది! మాంసం నీరు ఊరి, ఆ నీళ్ళలోనే ఉడికి, బూడిద రంగుకి తిరిగింది. సోయా సాసు పోస్తే మురికి రంగు కూడా చేరింది. క్యాప్సికం ముక్కలు మెత్తబడి మూకుడు అడుక్కి అతుక్కుపోయాయి.

ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. ప్లేటు పక్కన పెట్టి, "మొత్తం తిరిగి రాయాలండీ" అంది.

కోపంగా అన్నా బాగుండేది. నీరసంగా అని మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఆ వీపు చూసేసరికి ఆయనకి భయమేసింది. పాతికేళ్ళ సర్వీసులో ఎన్ని మంటలు చూసినా అంత భయం ఎరగడు.

మర్నాడు పొద్దున్నే సిగ్గు చంపుకుని హోటలుకి వెళ్ళాడు. వంట మాస్టరు తాళం వేసిన గుమ్మం ముందు స్టూలేసుకుని పేపరు చదువుతున్నాడు. ఈయన్ని చూసి లేవలేదు.

"మళ్ళీ తనిఖీయా సార్? లోపల మంట లేదు, పొగ లేదు, నేనూ లేను. రాసుకోండి."

పొగాయన గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. చివరికి జ్వరం సంగతి, గాజుల సంగతి, గురువారం నాటి ఘనకార్యం అన్నీ చెప్పేశాడు. "ఆ వేపుడు ఎలా చెయ్యాలో చెప్పండి మాస్టారూ. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

మాస్టరు పేపరు మడిచాడు. "నేను చెప్పేదేముంది సార్? మీరే మీ రిపోర్టులో రాశారుగా. నాకు కంఠతా వచ్చు, వినండి. ఒకటి, మంట మూకుడు అంచు దాటి లేచుచున్నది. రెండు, నూనె పొగలు కక్కువరకు కాచబడుచున్నది. మూడు, మాంసము గుప్పెడు గుప్పెడుగా వేయుచున్నందున మూకుడు ఏ దశలోనూ చల్లబడుట లేదు. నాలుగు, మూత వాడుట లేదు. అయిదు, సాసు కాలుచున్న అంచు మీద పోసి, మూకుడును మంటపైనే ఎగురవేయుచున్నారు. ఇంతకన్నా వివరంగా మా గురువు కూడా చెప్పలేదు నాకు!"

పొగాయన అయిదూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఆరోది, పొగ గొట్టంలో జిడ్డు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. మొదటి వారంలోనే కడిగించాను. మిగతా అయిదూ మానేస్తే వంట మానేసినట్టే సార్. అందుకే తాళం అలాగే ఉంది" అన్నాడు మాస్టరు. అని, ఏమనుకున్నాడో ఏమో, కాస్త మెత్తబడ్డాడు. "ఇంటి పొయ్యికి అంత మంట రాదు. మూకుడు ఇంకాసేపు కాల్చండి, మాంసం ఇంకా తక్కువ తక్కువ వెయ్యండి. ముక్కలు పల్చగా కోసి, సోయా సాసు, చిటికెడు మొక్కజొన్న పిండి పట్టించి ఉంచండి. అమ్మగారిని అడిగానని చెప్పండి."

ఆదివారం మధ్యాహ్నం పొగాయన రిపోర్టు కాపీని సాసు సీసాకి ఆనించి నిలబెట్టాడు. దుప్పటి మాత్రం చేతికందేటట్టు పెట్టుకున్నాడు, అది లేకపోతే ఆయనకి చెయ్యి ఆడదు. మంట పూర్తిగా పెంచాడు. నూనె పొగలు కక్కింది. గుప్పెడు మాంసం వేశాడు, చుర్రుమంది. అది తీసి ఇంకో గుప్పెడు. తర్వాత అల్లం, వెల్లుల్లి, క్యాప్సికం, ఉల్లికాడలు. మాంసం మళ్ళీ మూకుడులోకి తిప్పి, అంచున సాసు పోసి ఎగరేశాడు. గుప్పుమని మంట లేచింది. దాంతోపాటే నాలుగంతస్తుల్లోనూ గంటలు మోగాయి.

పాతికేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? పొయ్యి ఆర్పి, భార్యని కిందికి దింపాలని పరుగున వెనక్కి తిరిగాడు. ఆవిడ అప్పటికే గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది.

"కిందికి పద, నడవగలవా?"

"ఎక్కడికండీ? మంట ఎక్కడుందో మీకు తెలీదూ? ఆ వాసనకే లేచొచ్చాను. ప్లేటు ఇలా ఇవ్వండి."

గంట నెత్తి మీద మోగుతుండగానే ఆవిడ స్టూలు మీద కూర్చుని తింది. ఒక ముక్క. ఇంకొకటి. సగం ప్లేటు ఖాళీ చేసింది. గంట ఆపి వెనక్కి తిరిగిన పొగాయనకి ఏడుపొచ్చింది. పొగ వల్ల అని సర్దుకున్నాడు.

ఆవిడ చూపు సాసు సీసా మీద పడింది. నూనె మరకలు పడ్డ కాగితం అందుకుని చదివింది. అలమరలో ఉన్న ఎర్ర పెన్సిలు అడిగి తెప్పించుకుని, మొదటి అయిదు పాయింట్లూ నిలువునా కొట్టేసింది.

"వంట ఎలా చెయ్యాలో రాసి తప్పులని పేరు పెట్టారు. ఆరోది ఉంచండి, అది నిజంగానే తప్పు. మాస్టరు కడిగించాడని మొన్న మీరే చెప్పారుగా, రేపు వెళ్ళి చూసి తాళం తీయించండి. మంట పక్కన మీలాగే ఒక దుప్పటి పెట్టుకోమనండి, చాలు."

"సరే" అన్నాడు పొగాయన. ఇంకేమంటాడు?

కిటికీలోంచి కేకలు వినిపించాయి. తొంగి చూశాడు. సైకిళ్ళ షెడ్డు ముందు భవనం మొత్తం వరస కట్టి ఉంది. ముందు లాయరు, నడుముకి తుండుగుడ్డతో.

"ఇన్‌స్పెక్టరు గారూ! మంట ఆరిందా? పైకి రావచ్చా?"

ఆరిందని చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి భార్య మిగతా సగమూ ముగించి ఖాళీ ప్లేటు చాపింది.

"ఏమండీ, ఇంకొంచెం ఉందా?"

గిన్నెలో పచ్చి మాంసం ఇంకో రెండు గుప్పెళ్ళు మిగిలుంది. పొగాయన దాన్ని చూశాడు, ప్లేటు పట్టుకున్న ఆ సన్నటి చేతిని చూశాడు, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఇంకా అదుపులోకి రాలేదు! నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు!" అని అరిచి, వచ్చి మళ్ళీ మూకుడు పొయ్యి మీద పెట్టాడు.