పొణికి లోయకు దారి

రావమ్మను చెక్‌పోస్టు ముందు ఎండలో కూర్చోబెట్టారు. నెత్తిమీది కట్టెలమోపు దించనివ్వలేదు. కొండమీద ఎండుపుల్లలు ఏరుకున్నందుకు ఆ శిక్ష. అంతలో కాంట్రాక్టరు వెంకటకృష్ణారావు లారీలు మూడు దిగివచ్చాయి. నిండా పచ్చి దుంగలు. ఫారెస్టు గార్డు పరుగున పోయి గేటు ఎత్తి సలాం కొట్టాడు.

"అయ్యా, నావి పుల్లలు. వాళ్లవి మానులు" అంది రావమ్మ.

"వాళ్లకి పర్మిట్టుంది. నీకేముంది?"

"ఆకలుంది."

నా మోపు పొదలో దాచి, ఆ పక్కనే నిలబడ్డాను నేను. నోరు విప్పలేదు. ఎమర్జెన్సీ రోజులు. ఎవరు ఎందుకు లోపలికి పోతారో తెలియదు. నాకున్నది నా కూతురు తెరేసమ్మ ఒక్కతే.

కూలి చేసుకునే అక్కచెల్లెళ్లకీ, చదువుకునే పిల్లలకీ చెప్పుకోవలసిన తప్పు ఒకటి చేశాను. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు సంపూర్ణమ్మ. కొండపల్లిలో సిస్టర్ల బళ్లో అయిదో తరగతి దాకా చదివాను. మా ఆయన పోయాక కొండమీది పుల్లలే మాకు కూడు పెట్టాయి. తెరేసమ్మ బెజవాడ కాలేజీలో చెట్ల చదువు చదువుతుండేది. ఆదివారం చర్చిలో పూజ కాగానే ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని కొండెక్కేది. ఏ చెట్టు ఎక్కడుంది, ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టింది, అన్నీ నోటుబుక్కులో రాసేది.

"చిరుత అడుగు చూశామమ్మా. నా అరచెయ్యంత ఉంది."

"అది నిన్ను చూడకముందే ఇంటికి రా తల్లీ" అనేదాన్ని. ఆ వారమంతా నాకు అన్నం సయించేది కాదు.

దారి చూపించేది బొమ్మలు చెక్కే రత్తయ్య మామ. ఒకనాడు వీళ్లను పొణికి లోయకు తీసుకుపోయాడు. బొమ్మలకు పనికొచ్చే తెల్ల పొణికి కొండంతా కొట్టేశారు, ఆ ఒక్క లోయలో ఇరవై ఆరు మానులు మిగిలాయి. అడుగున నీటి ఊట. అడవిపందులూ ముళ్లపందులూ నెమళ్లూ నీళ్లు తాగేది అక్కడే. బొమ్మలోళ్లు ఆ లోయలో గొడ్డలి పెట్టరు. విత్తనం అక్కణ్ణించే కొండకు పాకాలి. ఆ దారి బయటివాళ్లకు చెప్పరు.

"అల్లుడికి పిల్లనిచ్చా గానీ ఆ దారివ్వలా" అని నవ్వేవాడు మామ.

లారీలు ఎక్కువయ్యేసరికి బొమ్మల వీధి అరుగుల మీద మీటింగు పెట్టారు. చెక్కేవాళ్లు, కట్టెల ఆడోళ్లు, కాలేజీ పిల్లలు.

"లారీలకి అడ్డం కూర్చుందాం" అంది తెరేసమ్మ.

"కూర్చుంటే ఎత్తుకుపోయి లోపలేస్తారు" అన్నాను. "పైన పెద్దాఫీసరున్నాడు. అర్జీ పెడదాం. ఆ లోయ ఎక్కడుందో, ఏమున్నాయో పటంతో సహా చూపిస్తే ఆయనే కాపాడతాడు."

"ఆఫీసరు ఎవరి మనిషే అక్కా?" అంది రావమ్మ.

"గవర్నమెంటు మనిషి."

"అదే అడుగుతున్నా, గవర్నమెంటు ఎవరిదని."

రత్తయ్య మామ ఒప్పుకోలేదు. "మామా, పిల్లల క్షేమం చూడు" అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చివరికి సరేనన్నాడు. తెరేసమ్మ నోటుబుక్కు ముందు పెట్టుకుని పటం నేనే గీశాను. వాగు, జంటబండలు, ఊట, ఇరవై ఆరు చుక్కలు. తప్పు లేకుండా గుండ్రటి అక్షరాలతో రాసి, అర్జీకి కుట్టి ఇచ్చాం.

పన్నెండో రోజున కొండమీద కొత్త బాట కనపడింది. వాగు వెంట జంటబండల మధ్యగా తిన్నగా పోయింది. నేనూ రావమ్మా పరుగెత్తాం. అప్పటికే పది మానులు పడున్నాయి. ఊట నిండా రంపప్పొట్టు. కాంట్రాక్టరు మేస్త్రి చేతిలో ఒక కాగితం. దాని మీదున్నవి నా అక్షరాలే.

"ఎవరు గీశారో గానీ దండం పెట్టాలమ్మా. వెతుక్కునే పని తప్పింది" అన్నాడు.

రావమ్మ నా వంక చూసింది. తిట్టినా బాగుండేది.

వీధిలోకి వచ్చి అందరి ముందూ చెప్పాను. రత్తయ్య మామ చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. "మా తాత నాటినుంచీ మూడు తరాలు దాచామే" అన్నాడు. ఉలి కింద పెట్టేశాడు. తెరేసమ్మ లేచింది. ఆమె వెనక రావమ్మ, ఆ వెనక యాభై మంది. మిగిలిన పదహారు మానుల చుట్టూ కూర్చున్నారు. గొడ్డళ్లు ఆగాయి. పొద్దు వాలకముందే పోలీసు వ్యాను వచ్చింది. తెరేసమ్మను జుట్టు పట్టి ఈడ్చి, రత్తయ్య మామను తోసి, ఇద్దరినీ అందులో ఎక్కించారు. మిగతావాళ్లు కదల్లేదు, రాత్రంతా అక్కడే ఉన్నారు. నేను మాత్రం వ్యాను వెనక పరుగెత్తాను.

తెల్లవారాక స్టేషన్లో ఎస్సై నాతో మెత్తగానే మాట్లాడాడు.

"చూడమ్మా, కేసు రాస్తే రాజమండ్రి జైలే. బెయిలు కూడా రాదు. నువ్వు పోయి ఆడాళ్లని కొండ దింపు. మధ్యాహ్నానికి నీ పిల్ల నీ ఇంట్లో ఉంటుంది."

కటకటాల వెనక తెరేసమ్మ కన్ను వాచి ఉంది. వెళ్లొద్దని గానీ, వెళ్లమని గానీ అనలేదు. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగింది, అంతే.

కొండెక్కాను. అందరి కాళ్లూ పట్టుకుని దింపాలనే ఎక్కాను. అబద్ధం ఎందుకు రాయాలి? దారి పొడుగునా మరియ తల్లికి మొక్కుతూనే ఉన్నాను.

లోయలో ఆకలితో, నిద్రలేక, చెట్టుకు ముగ్గురు చొప్పున కూర్చుని ఉన్నారు. ఎస్సై మాట చెప్పాను.

ముందుగా రావమ్మే లేచింది.

"పిల్ల కంటే ఎక్కువా? పదండే" అని కొంగు దులుపుకుంది. ఆమెను చూసి బుల్లెమ్మ లేచింది. ఒక్కొక్కరే లేస్తున్నారు, నా కోసం. నా వల్ల పోయిన లోయను మళ్లీ నా కోసమే వదిలేస్తున్నారు. ఒక్కరి ముఖంలోనూ విసుగు లేదు. అటు మేస్త్రి చేతుల్లోకి ఉమ్ముకుని గొడ్డలి అందుకున్నాడు.

తెరేసమ్మ వాచిన కన్ను గుర్తొచ్చింది. రాజమండ్రి ఎంత దూరమో గుర్తొచ్చింది. అక్కడ పిల్లను ఏం చేస్తారో. మేస్త్రి గొడ్డలి పైకెత్తాడు.

"కూర్చోండి" అన్నాను.

రావమ్మ నమ్మలేనట్టు చూసింది. "అక్కా, పిల్ల..."

"కూర్చోవే."

అందరికంటే ముందు నేనే కూలబడ్డాను, మేస్త్రి నిలబడ్డ చెట్టు మొదట్లోనే. ఒకరి తర్వాత ఒకరు మళ్లీ కూర్చున్నారు. దూరంగా వాగు దారిలో వ్యాను శబ్దం వినపడింది. రావమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.