జగన్నాధం గారి మచ్చలేని లైసెన్సు

అరవై ఎనిమిదిలో రాజాంలో కారు ఉన్న కొద్దిమందిలో వడ్ల వ్యాపారి జగన్నాధం గారొకరు. పాత అంబాసిడరే అయినా డ్రైవర్ని పెట్టుకోకుండా తనే నడిపేవారు. తన లైసెన్సు మీద ఒక్క మచ్చ లేదనీ, ఒక్క ప్రమాదమూ చెయ్యలేదు కాబట్టే ఇన్సూరెన్సు కంపెనీ ఏటా ప్రీమియం తగ్గిస్తోందనీ తన వడ్ల కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం భార్య నీలవేణిని ఎక్కించుకుని పొందూరు బయల్దేరారు. ఒంటిచేత్తో స్టీరింగు ఎలా తిప్పాలో ఆవిడకి చూపిస్తూ చూపిస్తూ, ఎద్దుల్ని విప్పేసి రోడ్డు వారన నిలబెట్టి ఉన్న, మరిడమ్మ అనే రైతు ఎడ్లబండిని గుద్దేశారు. బండి చక్రం విరిగింది. కారు మూతి నొక్కుకుపోయి రేడియేటరు కారిపోయింది. మనుషులకేమీ కాలేదు.

జగన్నాధం గారు లెక్క వేసుకున్నారు. తప్పు తనదని తేలితే కోర్టువారు లైసెన్సు మీద నేరం రాస్తారు, ప్రీమియంలో తగ్గింపూ పోతుంది. అందుకని, తన కారు ఆగి ఉండగా బండే వచ్చి గుద్దిందని కంపెనీకి రాసి పంపారు. నీలవేణి వద్దన్నా వినలేదు.

కొద్దిరోజులకి కంపెనీ సర్వేయరు విశాఖపట్నం నుంచి వచ్చి, భార్యాభర్తలిద్దర్నీ వెంటబెట్టుకుని ఆ చోటుకి వెళ్లాడు. విరిగిన బండి అక్కడే ఉంది. పక్క చేలో పనిచేస్తున్న మరిడమ్మని పిలిచి, నీ బండి కారుని ఎలా గుద్దిందని అడిగాడు. అతని వెనక నిలబడి జగన్నాధం గారు ఒకటే దగ్గు.

మరిడమ్మ బండిని ఓసారి చూసుకుంది. “ఆ రోజు ఎద్దులు రెండూ కల్లంలో ఉన్నాయి బాబూ. బండి దానికదే నడిసొచ్చీదైతే ఆటికి నానెందుకు గడ్డేత్తాను?” అంది.

సర్వేయరు నవ్వు దాచుకోడానికి రుమాలు తీశాడు.

“చెప్పీండి,” అంది నీలవేణి భర్తతో. “చెప్పీసి ఇంటికెళ్దాం.”

ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. కోర్టులో జరిమానా పడింది, లైసెన్సు మీద నేరం రాశారు. కంపెనీ మరిడమ్మకి కొత్త చక్రం వేయించింది గానీ మరుసటి ఏడాది తగ్గింపు ఎత్తేసింది. అప్పట్నుంచి ఆయన కారు ఎంత నెమ్మదిగా నడిచేదంటే, సైకిళ్లవాళ్లు వెనక నుంచి గంట కొట్టి దాటిపోయేవారు.

ఓ సంతరోజున మరిడమ్మ ఆయన కొట్టుకి వచ్చింది. ఏం గొడవ పెడుతుందోనని ఆయన లేచి నిలబడ్డారు.

“కొత్త సక్రం బాగున్నాది బాబూ,” అంది ఆవిడ. “రెండోదే పాతదయిపోయి ఊగిపోతన్నాది. మల్లీ మా ఏపు ఎప్పుడొస్తావు?”

జగన్నాధం గారు వడ్రంగికి కబురు పెట్టారు.