అటక మీది కూజా

మైసయ్య గొర్రె మూత్రపిండాన్ని తడిగుడ్డ మీద పెట్టి, ఎడమచేతి వేళ్లతో మెల్లగా అదిమి, మంగలికత్తిని అడ్డంగా జార్చాడు. ఉల్లిపొరంత ముక్క కత్తినంటుకుని వచ్చింది. వెలుతురుకు పట్టి చూశాడు. అవతలి కిటికీ కనబడింది. ఐసు మీద పెట్టిన గిన్నెలో, డాక్టరు కలిపిన ఉప్పునీళ్లలోకి ముక్కను జారవిడిచాడు.

జర్మనీ యుద్ధంతో ముక్కలు కోసే విలాయతు కత్తులు రాక, డాక్టర్ అజ్మత్ అలీ శాలిబండ గల్లీలో గడ్డాలు గీసే ఇతన్ని పిలిచి ప్రయోగశాలలో పెట్టుకున్నాడు. ముక్క పల్చగా ఉంటేనే లోపలిదాకా గాలి అంది కాసేపు బతుకుతుంది. ఎంత గాలి పీల్చిందో డాక్టరు గాజుగొట్టాల్లో చూసుకుంటాడు. కొత్తలో ఒకసారి మైసయ్య ఉప్పునీళ్లకు బదులు ఉత్త నీళ్లు పోశాడు. ముక్కలన్నీ ఉబ్బి చచ్చాయి. ఆ రోజు తిన్న తిట్లు తిట్లా! అప్పటినుంచి ఉత్త నీళ్లంటే అతనికి హడలు.

ఆ హడలును ఇంటికి కూడా మోసుకుపోయాడు మహానుభావుడు. భార్య కొమురమ్మకు మొహం, కాళ్లు వాస్తే, గుర్దాలు, అంటే మూత్రపిండాలు, చెడ్డాయని, నీళ్లు తగ్గించమని దవాఖానాలో చెప్పారు. మైసయ్య మొత్తానికే బంద్ పెట్టాడు. పూటకింత జావ, తడిగుడ్డతో పెదవులు తుడవడం, అంతే. కూజాను ఆమెకు అందకుండా అటకెక్కించాడు. ప్రేమ లేక కాదు, పాపం, ప్రేమతోనే.

ఈ పొద్దున కూడా ఆమె అడిగింది.

"ఒక్క గుక్క పొయ్యయ్యా. నాలుక పిడుచగడ్తున్నది."

"వద్దే. నీళ్లల్ల ముక్క ఎట్ల ఉబ్బి సచ్చిందో నా కండ్లతోని చూసిన. నువ్వు గట్లయితే నేనేం గావాలె?"

"గా ముక్కకు దూపయితదా?" అని కొమురమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ మాటే ఇప్పుడు చెవిలో తిరుగుతోంది. కత్తి పక్కన పెట్టాడు.

"డాక్టర్ సాబ్, మా ఇంటామెకు గుర్దాల బీమారి. నీళ్లు తాపితే సస్తదా?"

డాక్టరు తలెత్తాడు. "ఇప్పుడు ఎంత తాపుతున్నవ్?"

"ఒక్క సుక్క గూడ లే సాబ్."

"అరే పాగల్! ముక్క వేరు, మనిషి వేరు. కొంచెం కొంచెం తాపాలె. ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే? జల్దీ పో!"

ఎందుకు చెప్పలేదంటే, పెద్ద పనిలో ఉన్న మనిషికి మన ఇంటి లొల్లి ఎందుకని. అదీ అతని తెలివి!

చెప్పులు మరిచి, గాజుల దుకాణాల మధ్యనుంచి ఒకటే ఉరుకు. ఇంటి ముందు పక్కింటి రాబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇంతకుముందే పోయింది భాయ్. పానీ పానీ అన్నది. మా ఇంట్లకెల్లి తెచ్చేలోపలే..."

కొమురమ్మ పెదవులు పగిలి ఉన్నాయి. మైసయ్య ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. "నేనే సంపుకున్ననే," అని నేలకు తల బాదుకుని ఏడ్చాడు.

పొద్దున ఆమె పక్క దగ్గరున్న పీట అటక కిందిదాకా ఈడ్చి ఉంది. పైన కూజా మూతిదాకా నిండి ఉంది.