డిసెంబరు నాటి క్లాసు

ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న బర్నీలో, అక్కడ నడి చలికాలమైన జులై నెలలో, పొద్దున ఐదింటికి లేవడం రొవీనాకు ఈమధ్య పెద్ద చాకిరీ అయిపోయింది. మంచం అంచున కూర్చుని కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, అది మాట వినేదాకా నొక్కుకుంటుంది. తర్వాత ముందుగదిలో హీటర్ వేసి, చాప పరిచి, లాప్‌టాప్‌ని ఇస్త్రీ బల్ల మీద పెట్టి, తల నుంచి పాదాల దాకా కెమెరాలో కనిపిస్తోందో లేదో చూసుకుంటుంది. ఆరింటికి ఆన్‌లైన్‌లో యోగా క్లాసు, చెప్పేది ఆమే. ఎనిమిదింటికల్లా వృద్ధాశ్రమం వంటింట్లో ఉండాలి, డెబ్బై మందికి వంట. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్క క్లాసూ మానలేదు.

అయినా తెర మీద గళ్ళు ఒక్కొక్కటే వెలుగుతుంటే ఎక్కడినుంచో ఓపిక వచ్చేది. పద్నాలుగు గళ్ళు, పద్నాలుగు ఇళ్ళు. న్యూజిలాండులోని గిస్బర్న్ నుంచి హినే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం అయినా మార్చకుండా వచ్చేది. శవాసనం అనగానే గుర్రు పెట్టేది. డెనిలిక్విన్ అవతల గొర్రెల ఫారంలో ఉండే ట్రిష్ అధోముఖ శ్వానాసనం వేసిందంటే చాలు, ఆమె కుక్క వచ్చి ముఖం నాకేది.

"దాన్ని చూసి నేర్చుకోండి, దానిదే అసలైన ఆసనం," అనేది రొవీనా. అన్ని గళ్ళూ నవ్వేవి. రెండేళ్ళు కష్టపడి ట్రిష్ మొదటిసారి తన కాలి వేళ్ళు అందుకున్నప్పుడు వేసిన కేక తలుచుకుని, ఆ రోజంతా బంగాళదుంపల చెక్కు తీస్తూ రొవీనా తనలో తనే నవ్వుకుంది.

కోబార్ నుంచి వాల్మా చేరింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఆమె భర్త మెర్వ్ రాగి గనిలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన యోగా చేసేవాడు కాదు, వెనక కుర్చీలో కూర్చుని టోస్టు నములుతూ పెళ్ళాన్ని ఆటపట్టించేవాడు. ఈ ఏడు ఈస్టర్ వెళ్ళిన వారానికి వాల్మా గుండె ఆగి చనిపోయింది. పది రోజుల తర్వాత ఒక బుధవారం ఆమె పేరుతోనే గడి వెలిగింది. పనికెళ్ళే పంట్లాం, ఊలు సాక్సులు వేసుకుని చాప మీద మెర్వ్ నిలబడి ఉన్నాడు.

"చాప ఊరికే పడుంది," అన్నాడు. "చెప్పమ్మాయ్, ఏం చెయ్యాలో."

అప్పటినుంచీ ప్రతి క్లాసుకూ వస్తున్నాడు. గడి కింద వాల్మా పేరు మార్చమని ఎవరూ అడగలేదు.

జూన్‌లో రొవీనాకు జలుబు చేసి దగ్గు పట్టుకుంది. జ్వరం తగ్గింది గానీ నీరసం పోలేదు. క్లాసు మానేస్తానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ గంట కోసం హినే నిద్ర మానుకుని వస్తుంది. మెర్వ్‌కి ఆ రోజుకి అదొక్కటే పని. రాలేకపోయినవాళ్ళకి పంపడానికని ఆమె క్లాసులన్నీ రికార్డు చేసి ఉంచేది. ఒక సోమవారం పొద్దున, లేవబోతే కళ్ళు తిరిగాయి. ఆమె పాత క్లాసు ఒకటి తీసి, పలకరింపులు అయిపోయిన చోటి నుంచి తెర మీద నడిపించింది. తను సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఎవరూ కనిపెట్టలేదు. హమ్మయ్య అనుకుంది. ఎవరూ కనిపెట్టలేదే అని మనసు చివుక్కుమంది కూడా.

వారం తిరిగాక మళ్ళీ అదే పని చేసింది. రెండు సార్లూ కిటికీకి తెర వేసి ఉన్న క్లాసులే ఏరింది, ఎవరెవరిని పేరు పెట్టి పిలిచిందో ముందే విని చూసుకుంది. మూడోసారి, బుధవారం నాడు, అంత ఓపిక లేకపోయింది. చేతికి దొరికింది పెట్టేసి, టీ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

అది నడివేసవిలో, డిసెంబరు నాటి క్లాసు.

మొదట ట్రిష్ గొంతు వినిపించింది. "అదేంటే రొవీనా, మీ ఊళ్ళో అప్పుడే తెల్లారిందా? ఇక్కడ కళ్ళు పొడుచుకున్నా ఏం కనపడట్లేదు!"

రొవీనా కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెరలోని రొవీనా మాత్రం హుషారుగా చెప్పుకుపోతోంది. "చేతులు పైకి. ఇంకా పైకి. వాల్మా, ఊపిరి బిగబట్టకండి. మెర్వ్, వెనకనుంచి నవ్వింది చాలు, టోస్టు గొంతుకు అడ్డం పడుద్ది."

వెంటనే ఆడగొంతు ఒకటి పకపకా నవ్వింది. "పడనీయమ్మా, ఓ పూట నోరు మూసుకుంటాడు!"

అది వాల్మా.

కెటిల్‌ని ఎక్కడ పెట్టిందో రొవీనాకు గుర్తులేదు. ముందుగదిలోకి పరిగెత్తి చూస్తే పద్నాలుగు గళ్ళలోనూ మనుషులు కదలడం లేదు. మెర్వ్ చేతులు పైకెత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. ఆయన కెమెరా వైపు చూడటం లేదు, తెరను చూస్తున్నాడు.

ఆమె రికార్డింగ్ ఆపేసి కెమెరా ఆన్ చేసింది. తల దువ్వుకోలేదు, ఒంటిమీద పాత గౌను.

"మెర్వ్..." అంది. "తప్పయిపోయింది. నాకు ఒంట్లో బాగోక పాత క్లాసు పెట్టాను. వినకుండా పెట్టాను. నన్ను..."

"ఎందుకాపావ్?" అన్నాడాయన.

"అది కాదండీ..."

"ఎందుకాపావని అడుగుతున్నా. పెట్టు." చేతులు ఇంకా దించలేదు. "నీ సంగతి తర్వాత చూద్దాం. మొత్తం పెట్టు."

ఆమె పెట్టింది. ఎవరూ వెళ్ళిపోలేదు. డిసెంబరు ఎండ పడుతున్న గదిలోంచి రొవీనా చెబుతూ ఉంటే, జులై చీకట్లో పద్నాలుగు మంది ఆమె చెప్పినట్టు వంగారు, లేచారు. వాల్మా గొంతు మరో రెండుసార్లు వినిపించింది. ఒకసారి మోకాలు పట్టేసిందని తిట్టుకుంది. ఇంకోసారి కిటికీ మూయమని మెర్వ్‌కి చెప్పింది. అప్పుడు మెర్వ్ చాప మీద వంగి ఉన్నవాడల్లా లేచి నిలబడ్డాడు, కిటికీ మూసే ఉందని చూసుకుని మళ్ళీ వంగాడు.

క్లాసు అయిపోయింది. మెర్వ్ ముఖం తుడుచుకుని, "అది నాకు పంపు," అని గడి ఆపేసుకున్నాడు.

"మొన్న సోమవారం కూడా ఇంతేనా?" అంది ట్రిష్.

"అవును. దాని ముందు సోమవారం కూడా."

"మొన్న నడుం పట్టేసి లేవలేకపోతున్నా, ఏం చెయ్యమంటావని నిన్ను అడిగా. రెండుసార్లు. నువ్వు పలకలేదు. నా మైకే పోయిందేమో అనుకుని ఊరుకున్నా." ట్రిష్ గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడం ఎక్కువగా ఉంది. "ఆసనాలదేముంది, ఎక్కడైనా దొరుకుతాయి. నువ్వు చూస్తావనే కదే వచ్చేది."

"అలిసిపోయాను ట్రిష్," అంది రొవీనా. ఆ మాట నాలుగేళ్ళలో ఎవరితోనూ అనలేదని అన్నాకే తెలిసింది. అనేసరికి ఏడుపొచ్చింది.

హినే యూనిఫాం జేబులోంచి గుడ్డ తీసి ముక్కు చీదింది. "రోజూ నర్సుల్ని చూస్తుంటా. పడిపోయేదాకా ఒక్కతీ చెప్పదు. నువ్వు కూడా అదే రకం. శుక్రవారం క్లాసు నేను చెప్తా. నువ్వు చాప మీద నోరు మూసుకుని పడుంటావ్, అర్థమైందా?"

"నీకు కుడి ఎడమ తెలీదు కదే," అంది ట్రిష్.

"పేషెంట్లకి తెలుస్తుందిలే!"

శుక్రవారం మెర్వ్ వస్తాడో రాడోనని రొవీనా గురువారమంతా వంటింట్లో మథనపడింది. పంపిన రికార్డింగ్‌కి జవాబు రాలేదు. ఆరింటికి అన్నిటికన్నా ముందు వెలిగింది ఆయన గడే.

"రాత్రి మూడుసార్లు విన్నా," అన్నాడు. "ఆ కుర్చీలో వెధవ ఒకడు టోస్టు తింటూ కూర్చున్నాడు. ఒక్కసారైనా లేచి ఆవిడ పక్కన నిలబడలేదు." కాలితో చాప అంచు సర్దుకున్నాడు. "నువ్వు పెట్టకపోతే ఆ నవ్వు మళ్ళీ వినేవాణ్ణి కాదు. అయినా చెప్పకుండా పెట్టడం తప్పే అమ్మాయ్. ఇంకెప్పుడూ చెయ్యకు."

"చెయ్యనండి."

హినే క్లాసు మొదలుపెట్టింది. కుడి అంటూ ఎడమ కాలు ఎత్తింది. లెక్క తప్పితే మెర్వ్ పైకే లెక్కపెట్టి అందించాడు. ట్రిష్ నడుం పూర్తిగా తగ్గలేదు, కుర్చీలో కూర్చునే చేసింది. తను ఏమీ చెప్పనక్కర్లేకుండా, ఎవరి భుజం వంగిందో ఎవరి మోకాలు తూలిందో గమనించనక్కర్లేకుండా చేతులెత్తడం రొవీనాకు ఎంతో కాలం తర్వాత ఇదే మొదటిసారి. ఒళ్ళు బరువుగా ఉంది. మోకాలు నొప్పి అలాగే ఉంది. ఎంత తూలుతున్నా ఎవరూ ఏమీ అనడం లేదు.

శవాసనంలో ఆమె నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి ఏడుంబావు. క్లాసు ఎప్పుడో అయిపోయింది, ఎవరూ గడి మూయలేదు. కోబార్‌లో వాన పడిందా అని ట్రిష్ అడుగుతోంది. పేరుకి నాలుగు చినుకులు పడ్డాయంటున్నాడు మెర్వ్. "మెల్లగా మాట్లాడండి, నిద్రపోతోంది," అని హినే గదమాయిస్తోంది. పనికి బయల్దేరడానికి ఇంకా అరగంట ఉంది. రొవీనా కళ్ళు తెరవకుండా వింటూ పడుకుంది.