మూతలో మైనం

రాయడం నాకిదే మొదలు. ఐదో తరగతితోని చదువు ఆగింది, తర్వాత పెన్ను పట్టింది సంతకాలకే. "నేను" అని మొదలుపెడితే సిగ్గయి కాయితం మలిచి పెడుతున్న. అందుకని "ఆమె" అనే రాస్త. ఆమె పేరు స్వరాజ్యం.

అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్న బిల్డింగుల వెనక, రెండర్రల కిరాయిల్లు వాళ్లది. పొద్దున లేవంగనే స్వరాజ్యం పాలు, నీళ్లు, చాయ్‌పత్తి గిన్నెల పోసి, గిన్నెను రెండు చేతులతోని పట్టుకొని మొగుడి మంచం కాడ నిలబడేది. సారయ్య కండ్లు తెరవకముందే ఒక మాట విసిరేటోడు.

"నిన్నటి పప్పుల ఉప్పు ఎవడేసిండే? మీ అమ్మ వచ్చి వేసిపోయిందా?"

స్వరాజ్యం బదులు చెప్పదు. చెప్పడం ఆమెకు చేతగాదు. మాట గొంతు దాకా వస్తది, మింగుతది. మింగిన మాట కడుపుల తిరిగి, భుజాలకెక్కి, అరచేతులకు దిగుతది. గిన్నె అంచు వెంట బుడగలు లేస్తయి. చాయ్ పొంగుతది.

చాయ్‌కు అంత చిన్న మాట చాలు. స్నానం బకీటుకు పుట్టింటి మాట కావాలె. చుట్టాలొచ్చి మాంసం వండాల్సిన నాడైతే, బిడ్డ మధులత పుట్టినప్పుడు ఆడపిల్లని తన తల్లి ఎట్ల మొహం తిప్పుకున్నదో సారయ్య మొదటి నుంచి, నిమ్మళంగ చెప్పుకొచ్చేటోడు. ఏ గిన్నెకు ఏ మాటో ఆయనకు కొలత తెలుసు. ఆ ఇంట్ల సిలిండర్ లేదు, స్టవ్ లేదు. దేవుని గూట్ల ఒక అగ్గిపెట్టె ఉండేది, అది సుత దీపం ముట్టించే మధులతదే.

"నీకేంది వదినా," అనేది పక్కింటి చిలకమ్మ. "మా ఆయన మెత్తటోడు. అందుకే మాకు సిలిండర్ కర్సు."

ఎగతాళికి కాదు. నిజంగనే బాధపడేది.

సారయ్య ఎర్రమంజిల్‌ల ఒక ఆఫీసుల అటెండరు. ఆయనకు ప్రాణమంటే ఆయన మోటార్ సైకిల్. ప్రతి ఆదివారం పెట్రోలు టాంకీకి మైనం పాలిష్ రుద్దేటోడు, మూత మీద సుత, మూత సందుల్ల సుత. ఇంట్ల కుట్టుమిషన్ ఉంది. స్వరాజ్యం పంజాగుట్ట షాపులకు బండి సీట్ల కవర్లు కుట్టి ఇచ్చేది. టాంకీకి రెగ్జిన్ కవరు కుట్టమన్నడు సారయ్య. మూత మీద ఒక రెగ్జిన్ రేకు, దాని మీద ఇంకో రేకు, అంచుకు జిప్పు.

"గాలి సుత దూరొద్దు," అన్నడు.

గాలి సుత దూరకుంటనే కుట్టింది.

ఆ ఎండకాలంల మధులతకు మాదాపూర్‌ల ఒక కంపెనీల ఉద్యోగమొచ్చింది. పొద్దుటి షిఫ్టు. ఆడపిల్లను బస్సుల పంపనని, తనే బండి మీద దింపుతనని సారయ్య ఊరంతా చాటిండు. కొన్నాళ్లు సంబురంగనే తోలిండు. తర్వాత ఒక దావత్‌ల ఆయన తమ్ముడు, "ఏమన్నా, బిడ్డకు డ్రైవర్‌వైనవట కదా! జీతం ఆమెనే ఇస్తదా?" అన్నడు. అందరు నవ్విండ్రు. ఆ నవ్వు సారయ్యతోని ఇంటికొచ్చింది.

బండి మొరాయించుడు మొదలైంది సుత అప్పుడే. పంజాగుట్ట దాకా మంచిగనే పోయేది, ఆ ట్రాఫిక్‌ల ఎవని బండైనా ఒకటే. శ్రీనగర్ కాలనీ దాటి, ఖాళీ రోడ్డెక్కి, ముల్లు అరవై దాటినంక ఇంకింత రేస్ ఇస్తే, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకొని గుంజినట్టు ఆగేది. గుటకలు మింగేది. రేస్ వదిలి కొద్దిసేపు మెల్లగ పోతే మళ్లీ అందుకునేది. ఒకనాడు లారీని దాటబోతుంటే నడిమిట్ల గట్లనే ఆగింది. వెనకొచ్చే బస్సోడు బ్రేకు తొక్కి, తలకాయ బయటపెట్టి, వినరాని బూతులు తిట్టిండు.

ఇంటికొచ్చి సారయ్య చెప్పులు విసిరికొట్టిండు.

"సోమవారం దాకా చూస్త. బండి బాగు కాకుంటే ఉద్యోగం బందు. పిల్లను సంపుకోమంటవా?"

మధులత ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తల్లి పక్కన పండుకొని, "అమ్మా, బండి బాగు కావొద్దనే మొక్కుతున్నడే డాడీ," అంది. స్వరాజ్యం బిడ్డ చెయ్యి పట్టుకోబోయి వెనక్కి తీసుకుంది. కాలుతదేమోనని భయం.

ఆదివారం తల్లీబిడ్డలిద్దరు పంజాగుట్టల మెకానిక్ నర్సింహులు షెడ్డుకాడ కూసున్నరు. బండి అంతకుముందే అక్కడుంది. నర్సింహులు ప్లగ్గు మార్చిండు. ఎయిర్ ఫిల్టర్ దులిపి, మళ్లీ మనసొప్పక కొత్తది వేసిండు. కార్బొరేటర్ విప్పి, సన్నటి రంధ్రాలన్నీ గాలి కొట్టి కడిగిండు. స్టాండు మీద రేస్ ఇస్తే బండి పులి లెక్క అరుస్తది. రోడ్డు మీదికి తీసుకపోతే అదే కత.

"నా తలకాయ తింటుందమ్మా ఇది," అన్నడు చేతులు తుడుచుకుంట. "స్టాండు మీద దొర, రోడ్డు మీద దొంగ."

"అంకుల్, రేపే సోమవారం," అంది మధులత.

"ఎరికే బిడ్డా. ఇంకోసారి పోయొస్త."

పోయిండు. ఎంతకూ రాలేదు. వచ్చేటప్పుడు కవరు విప్పి భుజం మీదేసుకొని, మూత జేబుల పెట్టుకొని, టాంకీ నోటికి గుడ్డ కప్పి వచ్చిండు.

"దొరికింది వదినా! మళ్లీ గుటకలు మింగింది, ఆపిన. పెట్రోలుందా లేదా అని మూత తెరిస్తే సుయ్యిమని లోపలికి గాలి పీల్చింది చూడు, నీళ్లల్ల మునిగి లేచినోడు పీల్చినట్టు! ఆ తర్వాత ఒక్క గుటక లేదు."

మూత తిప్పి చూపించిండు. అడుగున సూది మొన పట్టేంత రంధ్రం. దాంట్ల తెల్లగ, రాయి లెక్క ఏదో గట్టిపడి ఉంది.

"మైనం. సారన్న పాలిష్. పెట్రోలు కిందికి దిగుతుంటే అంత గాలి పైనుంచి లోపలికి రావాలె. మెల్లగ పోతే బండి కొంచెం కొంచెం తాగుతది, ఎట్లనో నెట్టుకొస్తది. గట్టిగ పోతే గటగట తాగాలె. లోపల గాలి లేకుంటే పెట్రోలు దిగది. దానికి దమ్మాడుతలేదు, అంతే. పైన కవరు సుత రెండు రేకులాయె."

స్వరాజ్యం ఆ రంధ్రం దిక్కే చూస్తుండిపోయింది.

నర్సింహులు పిన్నీసు పెట్టి పొడిచిండు, వంగింది. ఇనుప తీగ పెట్టిండు, జారింది. మంట చూపిస్తే మూత రబ్బరు కాలుతది. వేడినీళ్లల్ల వేస్తే నీళ్లు తాళం లోపల చిక్కి పెట్రోల్ల కలుస్తయి. కొత్త మూతంటే తాళంతోని షోరూం నుంచి రావాలె, సోమవారానికి రాదు. బండిని దూరంగ గోడకానించి వచ్చి, కాసేపు నెత్తి గోక్కున్నడు. తర్వాత స్వరాజ్యం చేతుల దిక్కు చూసిండు. ఆ సంగతి ఎవరికి తెల్వదు?

"వదినా, ఏమనుకోకు. జర కోపం తెచ్చుకుంటవా?"

ఎవరైనా ఆమెను అడగడం అదే మొదటిసారి. స్వరాజ్యం సిగ్గుతోని మూత పిడికిట్ల పట్టుకొని కండ్లు మూసింది. రాలేదు. ఉప్పు మాట తలుచుకుంది, పుట్టింటి మాట తలుచుకుంది. మర్యాదగ అడిగితే వచ్చే కోపం కాదది. మూత సల్లగనే ఉంది.

అప్పుడే సారయ్య వచ్చిండు. కటింగు చేయించుకొని, మెడ మీద పౌడరుతోని. స్వరాజ్యం పిడికిలి కొంగు కింద దాచుకుంది.

"ఏం నర్సింహులూ, కాలేదా?"

"అయితుందన్నా."

"కాదులే. నాకెరుక." స్టూలు గుంజుకొని కూసున్నడు. గొంతుల బాధ లేదు, తీరిక ఉంది. "మంచిదే అయింది. ఆడపిల్ల జీతం నా జీతాన్ని దాటితే ఆ ఇల్లు ఇల్లేనా? రేపటి సంది ఇంట్లనే ఉంటది. తల్లి కాడ కవర్లు కుట్టుడు నేర్చుకుంటది. గీమె ఏం సదివింది, బతుకుతలేదా?"

స్వరాజ్యం మింగింది.

"పుట్టిననాడే మా అమ్మ అన్నది, గీ పిల్లకు ఎక్కువ ఆశ పెట్టకుండ్రా అని. ఇన్నరా? సదువన్నరు. కోర్సన్నరు. ఎవరి మొహం చూసి ఇచ్చిండ్రో ఉద్యోగం!"

మధులత లేచి గోడ దిక్కు తిరిగి నిలబడ్డది.

స్వరాజ్యం మింగింది. ఈసారి అది కడుపుల తిరగలేదు, సీదా చేతికొచ్చింది. పిడికిలి సందుల నుంచి తెల్లటి మైనం చుక్క జారి చీర మీద పడ్డది. ఇంకో చుక్క. సారయ్య చెప్తనే ఉన్నడు, వంట కొలతలన్నీ దాటి, దేనికి మంట పెడుతున్నడో తెల్వక.

నర్సింహులు చూసిండు. చెయ్యి చాపి మూత తీసుకొని, అమ్మో అని చేతులు మార్చి, గుడ్డతోని తుడిచి, రంధ్రంల ఊదిండు. అవతలి దిక్కు నుంచి గాలి సాఫుగ వచ్చింది. మూత సల్లారనిచ్చి, బిగించి, కవరు లేకుంట బండి తీసుకపోయిండు.

సారయ్య మెడ మీది పౌడరు తుడుచుకున్నడు.

నర్సింహులు వచ్చి స్టాండు వేసిండు. "ఎనభై పోయిన అన్నా. గుటక లేదు, దగ్గు లేదు. బిడ్డా, రేపు పో!"

మధులత ఇటు తిరిగింది. సారయ్య లేచి ప్యాంటు దులుపుకున్నడు.

"బండి బాగైతే అయింది. దానికీ దీనికీ ఏం సంబంధం? నేనన్న మాట మాటనే. బందు."

స్వరాజ్యం ఒళ్లో కవరు ఉంది. రెగ్జిన్ కాలిన వాసన లేచింది. ఆమె కవరు దిక్కు చూసింది. ఎంత మంచిగ కుట్టింది! నర్సింహులు బల్ల మీదున్న బ్లేడు తీసుకొని, మూత వచ్చే కాడ రెండు రేకులూ కలిపి గుండ్రంగ కోసి పారేసింది.

"ఏయ్, నీకేమన్న—"

"మధు నాయినా."

బజార్ల ఆమె ఆయనను పిలిచింది అదే మొదలు. గొంతు చిన్నగనే ఉంది.

"బండి ఆగుతుందని బందన్నవు. ఇప్పుడు ఆగుతలేదు. పిల్ల పోతది. నువ్వు తోలితే నీ వెనక కూసొని పోతది. తోలకుంటే బస్సుల పోతది. బస్సు లేకుంటే నేను నడిపించుకపోత."

"నోరు లేస్తుందేందే?"

"లేవనీ. ఇన్నేండ్లు నీ మాటలు మింగి నీ చాయ్ కాచిన. మా అమ్మ సచ్చిపోయిన నాడు, ఇంకా మట్టి సుత కాలేదు, మా అమ్మను తిట్టి నీ స్నానం నీళ్లు కాచుకున్నవు. యాదుందా? ఆ నీళ్లు నేనే మోసిన. బకీటు పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కింది, నువ్వు సబ్బు అడిగినవు." ఊపిరి తీసుకుంది. "ఇగ మింగ."

సారయ్య నర్సింహులు దిక్కు చూసిండు. నర్సింహులు వంగి, బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తుండు. స్వరాజ్యం అరచేతులు చూసుకుంది. కుండల నీళ్ల లెక్క సల్లగున్నయి.

మరునాడు పొద్దున ఆమె ఎప్పటిలెక్కనే గిన్నె పట్టుకొని మంచం కాడ నిలబడ్డది.

"పప్పుల ఉప్పు—" అన్నడు సారయ్య, కండ్లు మూసుకొనే.

"నేనే వేసిన. ఎక్కువైతే రేపు నువ్వు వెయ్యి."

పాలు కదల్లేదు. ఆయన కండ్లు తెరిచి పుట్టింటి మాట తీసిండు, దానికీ బదులు చెప్పింది. తన తల్లి మాట ఎత్తిండు, దానికి మస్తు బదులు చెప్పింది. పాల మీద ఒక ఈగ నిమ్మళంగ వాలి లేచిపోయింది.

సన్నీళ్లు నెత్తిన పడ్డప్పుడు సారయ్య పెట్టిన కేక గల్లీ అంతా వినొచ్చింది. ఏమనుకున్నడో ఏమో, పండ్లు కొట్టుకుంటనే వచ్చి బండికి కిక్కు కొట్టిండు. మధులత వెనకెక్కి, తల్లికి చెయ్యూపింది. కవరు నడుమ గుండ్రటి రంధ్రంల టాంకీ మూత మెరుస్తుంది. బండి మూల తిరిగింది. ఆ చప్పుడు పెద్ద రోడ్డు మీద కలిసేదాకా స్వరాజ్యం వాకిట్లనే నిలబడ్డది.

తర్వాత చిలకమ్మను అడిగి పాత కిరోసిన్ స్టవ్ తెచ్చుకుంది. దేవుని గూట్ల నుంచి అగ్గిపెట్టె తీసింది. మొదటి పుల్ల విరిగింది. రెండోది గీస్తే తల ఊడి పడ్డది. అలవాటు తప్పింది మరి. ఇంకో పుల్ల తీసి, మెల్లగ గీసి, మంట ముట్టించి, ఒక గ్లాసు చాయ్ పెట్టుకుంది.