ర్యాంకు తెచ్చిన ప్రొఫెసరమ్మ

గన్నవరం దాటాక హైవే పక్కన మాణిక్యాంబా ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. చైర్మన్ వెంకటకృష్ణారావు దానికి తన తల్లి పేరు పెట్టి, గేటు దగ్గర ఆవిడ విగ్రహం కూడా నిలబెట్టాడు. సివిల్ డిపార్ట్‌మెంటులో మాత్రం ఒక్క లేడీ లెక్చరర్‌ని కూడా పెట్టుకోలేదు.

2005 వేసవిలో నఫీసా అక్కడికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఆమె తండ్రి హుమాయూన్‌కి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. కూతురు స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఎం.టెక్‌లో యూనివర్సిటీ ఫస్టు వచ్చినప్పుడు ఆయన షెడ్డులో పనివాళ్ళందరికీ బిర్యానీ పెట్టించాడు.

ప్రిన్సిపాల్ అచ్యుతరామారావు ఆమె సర్టిఫికెట్లు ముట్టుకోలేదు.

"సర్వే క్యాంపుకి పిల్లల్ని తీసుకెళ్ళాలమ్మా. ఎండలో గట్ల మీద తిరగాలి. మీవల్ల అవుతుందా?"

"బి.టెక్‌లో చేశానండీ."

చైర్మన్ నవ్వాడు. "చదువుకునేటప్పుడు అందరూ చేస్తారమ్మా. ఉద్యోగంలో చేరాక పెళ్ళంటారు, ఆ తర్వాత కాన్పంటారు. సెమిస్టర్ మధ్యలో మా గతేం కాను? ఈసీఈలో ఖాళీ వస్తే చూద్దాంలే. అక్కడైతే నీడపట్టున చెప్పుకోవచ్చు."

"నాది సివిల్ కదండీ."

"అదేగా మీతో వచ్చిన చిక్కు."

ఆ ఉద్యోగం చైర్మన్‌గారి బావమరిది కొడుక్కి దక్కింది. అతను క్లాసులో టెక్స్ట్‌బుక్ చదివేవాడు. గొంతు అలిసిపోతే ముందు బెంచీ వాడి చేత చదివించేవాడు. నఫీసా గవర్నర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో చేరి డిప్లొమా పిల్లలకి పాఠాలు చెప్పుకుంది.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు జ్ఞానేశ్వరి ఫోన్ చేసింది. ఇద్దరూ బి.టెక్ ఒకే కాలేజీలో చదివారు. జ్ఞానేశ్వరి ఇప్పుడు మాణిక్యాంబాలో ఈసీఈ చెబుతోంది.

"నఫీసా, తిట్టకుండా విను. మా కాలేజీకి ఒకరోజు రావాలి, ప్రొఫెసర్‌గా."

"ఒకరోజు ప్రొఫెసరేంటే?"

సంగతేమిటంటే, ఢిల్లీలో అచ్చయ్యే ఒక ఇంగ్లీషు పత్రిక ఏటా ఇంజనీరింగ్ కాలేజీలకి ర్యాంకులిస్తుంది. ఆ ఏడాది స్టాఫులో ఆడవాళ్ళ శాతానికి కూడా మార్కులు పెట్టింది. చైర్మన్ మీటింగు పెట్టాడు. "ల్యాబులకి రంగులేయించాం, లైబ్రరీ నింపాం. ఇప్పుడు ఆడవాళ్ళు కావాలంట. తలా ఒకర్ని పట్టుకురండి" అన్నాడు. షామియానా కొట్టుకి కుర్చీలు పురమాయించినట్టే ఉంది వరస.

"వస్తాను" అంది నఫీసా. తనని పనికిరావు పొమ్మన్న మనుషులు ఇప్పుడు ఎలా నిలబడతారో దగ్గరుండి చూడాలనిపించింది.

పత్రికవాళ్ళు కాలేజీ చూడ్డానికొచ్చే రోజున నఫీసా బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీ బస్సెక్కితే నిండా ఆడవాళ్ళే. లెక్చరర్ల భార్యలు, మరదళ్ళు, కంప్యూటర్ సెంటర్ అమ్మాయిలు, పటమటలో బ్యూటీ పార్లర్ నడిపే ఒకావిడ. అందరూ పట్టుచీరల్లో, పెళ్ళికి బయల్దేరినట్టున్నారు. సెమినార్ హాల్లో ప్రిన్సిపాల్ ట్యాగులు పంచుతూ పాఠం చెప్పాడు. "ఎవరైనా అడిగితే 'అయామ్ ఎ ప్రొఫెసర్' అనండి. ఇంకా అడిగితే నవ్వండి. అంతకుమించి వద్దు."

నఫీసా దగ్గరికొచ్చి ఆగాడు. గుర్తుపట్టలేదు.

"మీకేం చెప్పమన్నారమ్మా?"

"ఎం.టెక్ సివిల్ అండీ, యూనివర్సిటీ ఫస్టు."

"బాగా అల్లారు. అదే ఖాయం చేసుకోండి" అని 'ప్రొఫెసర్, సివిల్' ట్యాగు ఆమెకిచ్చాడు.

పత్రిక తరఫున వచ్చినావిడ పొట్టి జుట్టుతో, చురుకైన కళ్ళతో ఉంది. బ్యూటీ పార్లర్ ఆవిడ మెడలోని మెకానికల్ ట్యాగు చూసి ఏం చెబుతారని అడిగింది. ఆవిడ నవ్వింది. మళ్ళీ అడిగితే ఇంకొంచెం నవ్వింది. పత్రికావిడ నుదురు ముడిపడింది. "ఏదైనా ఒక మేడమ్ క్లాసులో కూర్చోవచ్చా?" అనేసరికి ప్రిన్సిపాల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కసారిగా అందరూ కిటికీల్లోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

"నా క్లాసుకి రండి" అంది నఫీసా.

థర్డ్ ఇయర్ సివిల్ పిల్లలు బిత్తరపోయి లేచి నిలబడ్డారు. నఫీసా బోర్డు మీద కిటికీ, దాని పైన సన్‌షేడ్ గీసింది. "ఇందులో ఇనుప ఊచలు పైన వెయ్యాలా, కిందా?" అని అడిగింది. క్లాసంతా కింద అన్నారు. ఆమె ఒక స్పాంజి ముక్క తెప్పించి, ఒక కొస గట్టిగా పట్టుకుని రెండో కొస కిందికి నొక్కింది. పైభాగం సాగింది. "సాగేచోట ఊచ లేకపోతే ఏమవుతుంది?" ముందు బెంచీలో ఉన్న ముగ్గురమ్మాయిల్లో ఒకతి "విరిగి నెత్తిన పడుతుంది మేడమ్" అంది. అందరూ నవ్వారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. పత్రికావిడ బోర్డు దగ్గర నఫీసాని ఫోటో తీసుకుంది.

కాలేజీకి ర్యాంకొచ్చింది. నెల తిరక్కుండా హనుమాన్ జంక్షన్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా హోర్డింగులు లేచాయి. వాటి మీద సుద్దముక్క పట్టుకుని నఫీసా. కింద 'మహిళా మేధకు పట్టం కట్టిన మాణిక్యాంబా' అని అక్షరాలు. ఆటోనగర్‌లో అందరూ హుమాయూన్‌ని అభినందించారు. ఆయన ఇంటికొచ్చి కూతుర్ని అడిగాడు.

"ఉద్యోగంలో ఎప్పుడు చేరావు బేటీ?"

"చేరలేదు అబ్బాజాన్."

సంగతంతా విన్నాక ఆయన భోజనం ముందునుంచి లేచిపోయాడు. "నీకు కుర్చీ ఇవ్వనివాళ్ళు నీ మొహాన్ని రోడ్డుకెక్కించారా!"

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఇబ్రహీంపట్నం దగ్గర ఇంకో కాలేజీలో పోస్టు పడితే నఫీసా వెళ్ళింది. హెచ్‌ఓడీ ఆమెని చూడగానే, "మీరు మాణిక్యాంబా ప్రొఫెసర్ కదండీ! అక్కణ్ణుంచి రిలీవింగ్ లెటర్ తెచ్చుకోండి. అది లేకుండా తీసుకుంటే మాకు మాటొస్తుంది" అన్నాడు. లేదండీ, నేనక్కడ పనిచెయ్యలేదండీ అని చెబితే, ఆయన కిటికీలోంచి హోర్డింగు చూపించాడు.

ఆమె తిన్నగా వెంకటకృష్ణారావు గదికి వెళ్ళింది.

"రిలీవింగ్ లెటర్ ఇవ్వండి సార్."

"చేరనే లేదుగా, ఎక్కణ్ణుంచి రిలీవ్ చెయ్యను?"

"అయితే చేరలేదనే రాసివ్వండి."

చైర్మన్ ప్రిన్సిపాల్ వంక చూశాడు. ప్రిన్సిపాల్ గోడ మీద ఫ్రేము కట్టించిన ర్యాంకు వంక చూశాడు. ఆ ముక్క కాగితం మీద పెడితే గోడ మీది ఫ్రేము దింపుకోవాలి.

"అదెలా కుదురుతుందమ్మా?" అన్నాడు చైర్మన్ గొంతు తగ్గించి.

"చేరానూ అనరు, చేరలేదూ అనరు. పోనీ, రేపట్నుంచి వస్తాను."

వచ్చింది కూడా. మర్నాడు స్టాఫు బస్సెక్కితే డ్రైవర్ నమస్కారం పెట్టాడు, హోర్డింగు మీద మేడమ్ కదా. థర్డ్ ఇయర్ క్లాసులో బావమరిది కొడుకు టెక్స్ట్‌బుక్ తెరవబోతుంటే పిల్లలు గుమ్మంవైపు చూసి లేచి నిలబడ్డారు. అతను పుస్తకం మూసి, సిగరెట్టుకి వెళ్ళి, ఆ పీరియడ్‌కి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏ పీరియడ్‌కీ రాలేదు.

"ఇదేం పద్ధతమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్ వరండాలో.

"మీరు ఊరంతా వేయించిన పద్ధతేనండీ."

మూడువారాలు అలాగే నడిచింది. ఆమెని పంపేద్దామంటే అడ్మిషన్ల కాలం. ఆడపిల్లల తండ్రులు హోర్డింగు చూసి వస్తున్నారు. "ఆ మేడమ్ నిజంగా ఉన్నారా?" అని ఆఫీసులో అడుగుతున్నారు. క్లర్కు వాళ్ళని తీసుకెళ్ళి కిటికీలోంచి చూపిస్తున్నాడు. తాను తవ్విన గోతిలో తానే దిగబడ్డానని చైర్మన్‌కి అప్పటికి తెలిసింది. అప్పాయింట్‌మెంట్ ఆర్డర్ మీద సంతకం పెడుతూ, "మేమెప్పుడూ ఆడవాళ్ళని ప్రోత్సహిస్తామమ్మా" అన్నాడు.

"తెలుసండీ, హోర్డింగు మీద చదివాను" అంది నఫీసా. ఆ పూట ఇంటికెళ్ళి మాత్రం తలుపు వేసుకుని ఏడ్చింది. గెలిచినందుకు కాదు. తన మార్కులు చెయ్యలేని పనిని ఒక ఫోటో చేసినందుకు.

మరుసటేడు సివిల్లో పన్నెండుమంది ఆడపిల్లలు చేరారు. ఈలోగా ఆ పత్రిక మార్కుల పట్టిక మార్చేసింది. ఈసారి విదేశీ అధ్యాపకుల శాతం అడిగింది. మీటింగులో చైర్మన్ ఆడవాళ్ళ ఊసే ఎత్తలేదు.

సాయంత్రం అచ్యుతరామారావు కాంక్రీటు ల్యాబుకొచ్చాడు. నఫీసా బలం పరీక్ష కోసం పిల్లలతో కాంక్రీటు క్యూబులు మిషన్లో పెట్టి పగలగొట్టిస్తోంది.

"మేడమ్, మీ బంధువుల్లో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా? కాస్త తెల్లగా ఉంటే చాలు. నవ్వితే సరిపోతుంది."

నఫీసా ఆయన మొహం వంక చూసింది. ఎక్కడా వేళాకోళం లేదు. మనిషి నిజంగానే అడుగుతున్నాడు.

"లేరండీ. దుమ్ము పడుతుంది, కాస్త అవతలికి జరగండి" అని మిషన్ హ్యాండిల్ ఆ ముందు బెంచీ అమ్మాయికిచ్చింది.