నోట పలకరాని పేరు

ఉయ్యాల్లో బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూసింది ఉల్బోసిన్. వెచ్చగా తగిలింది. పొద్దుటి నుంచి ఇలా ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలీదు. వాడు పుట్టి ఏడో రోజు. మధ్యాహ్నం మావగారు వాడి చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు.

పోయినేడు పుట్టిన పిల్ల పేరు పెట్టకముందే, ఐదో రోజున కళ్ళు తేలేసింది. బెదిరిన బిడ్డకి గుండె జారిపోతుందనీ, తల్లి పేరుపెట్టి పిలిస్తే తిరిగొస్తుందనీ ఆ గడ్డిమైదానాల ఊళ్ళో అంటారు. ఆ రోజు ఏమని పిలవాలో తెలీక ఉల్బోసిన్ "అమ్మా, అమ్మా" అంటూనే ఉండిపోయింది. పిల్ల దక్కలేదు.

మావగారు ముప్ఫయ్యేళ్ళు బడిలో చరిత్ర చెప్పిన మనిషి. అత్తగారికి చూపించాలని వంటింటి గుమ్మంలోకే పుస్తకం పట్టుకొచ్చారు.

"చూశావటే, హూణుల రాజు దెంగిజిక్! మన 'తెంగిజ్' లోంచే వచ్చిన పేరంటున్నారు కొందరు పండితులు. సముద్రమని! ఖాయంగా ఎవరికీ తెలీదనుకో. అయినా ఆ గుర్రాల రాజులు మన మాటే మాట్లాడారేమో! మనవడికి తెంగిజ్ అనే పెడతాను."

"ఆ రాజు చివరికేమయ్యాడట?" అత్తగారు పిండి పిసుకుతూ అడిగింది.

"యుద్ధంలో పోయాడు. తల నరికి రోమన్లు వాళ్ళ రాజధానిలో ఊరేగించారు."

"చల్లని కబురు చెప్పారు! పసివాడికి తల పోయిన రాజు పేరా?"

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పొయ్యి దగ్గరున్న ఉల్బోసిన్ పాలగిన్నె దించేసింది. ఆమె భయం తల గురించి కాదు. మావగారి తండ్రి పేరు తెంగిజ్‌బాయ్. కోడళ్ళు మెట్టినింటి పెద్దల పేరెత్తకూడదు, ఆ పేరులో ముక్కైనా అనకూడదు. అత్తగారు నలభై ఏళ్ళుగా సముద్రాన్ని "పెద్ద నీళ్ళు" అనే అంటోంది. మావగారు కొడుకు, ఆయనకా అడ్డు లేదు. అందుకే తట్టలేదు.

"అత్తయ్యా, వాణ్ణి నేనేమని పిలవను?"

"పెద్ద నీళ్ళూ, ఇలా రా నాయనా అను" అని నవ్వబోయి, కోడలి మొహం చూసి ఆగింది. "నేను చెబితే వేళాకోళమంటారే. నువ్వే అడుగు."

తొమ్మిదో తరగతితో బడి మానేసిన పిల్ల. మేష్టారైన మావగారి ముందు ఎప్పుడూ నోరెత్తి ఎరగదు.

మధ్యాహ్నం చుట్టాలొచ్చి కూర్చున్నారు. మావగారు బిడ్డని చేతుల్లోకి తీసుకుని, చెవిలో బాంగు, అదే నమాజు పిలుపు, వినిపించి, పేరు పిలవడానికి ఊపిరి తీశారు.

"మావయ్యగారూ!"

అందరూ తిరిగి చూశారు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

"వీడికి గుండె జారితే నేనేమని పిలవాలండీ?"

"ఇదేం ప్రశ్నమ్మా? పేరుపెట్టి పిలువు."

"ఆ పేరు నా నోట రాకూడదు కదండీ. పెద్దాయనది."

మావగారు బిడ్డని ఒళ్ళోకి దించుకున్నారు.

"ఎప్పుడో చచ్చిన రాజుల పేర్లన్నీ కూపీ లాగారు," అంది అత్తగారు మూలనుంచి, "ఇంట్లో పేరు మాత్రం మరిచారు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఈ ఏడు రోజులూ వాణ్ణి ఏమంటున్నావు?" అన్నారు.

"తుర్సిన్ అని. అంటే, ఉండిపోవాలి అని."

"హూణుల్లో ఆ పేరు ఎక్కడా చూళ్ళేదే" అని గొణిగి, వంగి, చెవిలో పిలిచారు. "తుర్సిన్. తుర్సిన్. తుర్సిన్."

చుట్టాలు మాంసం పళ్ళెం చుట్టూ చేరారు. ఉల్బోసిన్ బిడ్డని ఒళ్ళోకి తీసుకుని మెల్లిగా పిలిచింది. వాడు కదల్లేదు. మళ్ళీ వేలు ముక్కు కిందికి పోయింది. ఈసారి గట్టిగా పిలిచింది.

వాడు మొహం చిట్లించి ఏడుపందుకున్నాడు. అది వింటూ ఊరుకోబెట్టడమే మరిచిపోయింది.